కర్త, కరణం, కారు

ఒక క్రియ జరిగినప్పుడు దానికి కర్త ఎవరు, ఆ కర్త చేతిలోని సాధనం ఎంతవరకు సాధనంగానే ఉంటుంది, ఫలితంలో ఎవరి భాగం ఎంత అన్న విచారణ భారతీయ దర్శనాల్లో ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంటుంది. మీమాంసకులు యజ్ఞకర్మను దృష్టిలో పెట్టుకుని దానిని చర్చించారు, నైయాయికులు జగత్సృష్టి సందర్భంలో చర్చించారు, భగవద్గీత యుద్ధభూమిలోకే తీసుకుపోయింది. ఇరవయ్యో శతాబ్దపు చివరి పాతికేళ్లలో మోటారు కార్లలోకి ఎలక్ట్రానిక్ భద్రతా వ్యవస్థలు ప్రవేశించిన తరువాత ఆ విచారణ రహదారి మీద కూడా అవసరమైంది. బ్రేకు మీద కాలు పెట్టినవాడు ఒకడు కాగా, ఆ బ్రేకు ఏ చక్రానికి, ఎంత బలంతో, ఎంతసేపు పడాలో నిర్ణయిస్తున్నది సీటు కింద గానీ ఇంజను పక్కన గానీ బిగించిన ఒక చిన్న కంప్యూటరు. ఈ పంపకం తెలియకుండా కారు నడిపేవారు తాము చేస్తున్నది ఏమిటో తెలియకుండానే దానిని చేస్తున్నారు. అటువంటివారిని కర్త అనవచ్చునా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ వ్యవస్థల్లో ముందుగా విస్తృత వాడుకలోకి వచ్చినది ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ. డ్రైవరు భయపడి బ్రేకును ఒక్కసారిగా తొక్కినప్పుడు చక్రం తిరగడం మానేసి రోడ్డు మీద జారడం మొదలుపెడుతుంది. తిరగని చక్రం కారును పక్కకు మళ్లించలేదు కనుక స్టీరింగును ఎటు తిప్పినా కారు తిన్నగా పోయి ఎదుటి అడ్డంకిని గుద్దుతుంది. బాష్ సంస్థ రూపొందించిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ బెంజ్ ఎస్ క్లాస్ కార్లలో అమ్మకానికి వచ్చింది. ప్రతి చక్రం దగ్గర ఉన్న సెన్సర్ ఆ చక్రం వేగాన్ని ఎప్పటికప్పుడు కంప్యూటరుకు చెబుతూ ఉంటుంది. ఏదైనా చక్రం మిగిలినవాటి కన్నా అసహజంగా మందగించిందంటే అది బిగుసుకుపోబోతున్నదని గ్రహించి కంప్యూటరు ఒక కవాటం ద్వారా ఆ చక్రానికి బ్రేకు ద్రవపు ఒత్తిడిని తగ్గించి, చక్రం తిరిగి కదలగానే మళ్లీ పెంచుతుంది, సెకనుకు పలుమార్లు ఈ పని చేస్తుంది. భారతదేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఇది తప్పనిసరి.

ఆ ఒత్తిడి పెరగడం, తగ్గడం డ్రైవరు పాదానికి పెడలులో అదురుగా తెలుస్తుంది, కొన్ని కార్లలో గరగరమనే చప్పుడు కూడా వస్తుంది. సంగతి తెలియనివారు బ్రేకు పాడైందనుకుని సరిగ్గా ఆ క్షణంలోనే కాలు తీసేస్తారు, లేదా పాత కార్ల అలవాటు కొద్దీ పెడలును వదిలి తొక్కి, వదిలి తొక్కి చేస్తారు. రెండు విధాలా తమ మేలు కోరి పనిచేస్తున్న యంత్రానికి తామే అడ్డుపడతారు. చేయవలసినది చాలా సులభం: పెడలును గట్టిగా తొక్కిపట్టి, ఆ అదురును పట్టించుకోకుండా, అడ్డంకిని తప్పించేలా స్టీరింగు తిప్పాలి. ఏబీఎస్ ప్రధానంగా ఇచ్చేది ఆ తప్పించుకునే అవకాశాన్నే. ఆగే దూరం తగ్గుతుందన్న హామీ అన్నిచోట్లా లేదు. వదులు కంకర మీద, ఇసుక మీద అది పెరగవచ్చు కూడా.

దాని తరువాతి మెట్టు ఈఎస్‌సీ, అంటే కారు స్థిరత్వాన్ని కాపాడే వ్యవస్థ. 1995లో ఇది కూడా మెర్సిడెస్ కారుతోనే మార్కెట్లోకి వచ్చింది; 1997లో స్వీడన్‌లో ఒక పత్రిక జరిపిన పరీక్షలో అదే సంస్థకు చెందిన ఏ క్లాస్ కారు పక్కకు దొర్లిపోవడంతో ఆ చిన్న కారుకు కూడా దీనిని అమర్చవలసి వచ్చింది, అప్పటి నుంచి దీని వ్యాప్తి వేగం పుంజుకుంది. ఏబీఎస్‌కు డ్రైవరు బ్రేకు తొక్కడమైనా కావాలి, దీనికి అది కూడా అక్కరలేదు. స్టీరింగు కోణాన్ని చూసి డ్రైవరు ఎటు పోదలచుకున్నాడో అంచనా వేస్తుంది, కారు తన నిలువుటక్షం చుట్టూ ఎంత వేగంగా తిరుగుతున్నదో మరొక సెన్సర్ ద్వారా తెలుసుకుంటుంది, ఆ రెండింటికీ పొంతన కుదరనప్పుడు కారు జారుతున్నదని నిర్ణయించి, ఒక్క చక్రానికే బ్రేకు వేసి, ఇంజను శక్తిని తగ్గించి కారును దారికి తెస్తుంది. యంత్రానికి సొంత గమ్యం లేదు. మనిషి కోరిక ఏమిటో స్టీరింగు నుంచి చదువుకుని, ఆ కోరికకే పనిచేస్తుంది.

ఇక్కడ పదిహేడో శతాబ్దానికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు సాయం తీసుకోవాలి. దేశమంతటా తర్కశాస్త్ర విద్యార్థులు తొలి పాఠంగా చదివే తర్కసంగ్రహాన్ని రాసినవాడు ఆయనే, దానికి దీపిక అనే వ్యాఖ్యానాన్ని రాసినవాడూ ఆయనే. న్యాయశాస్త్ర సంప్రదాయంలో కరణమంటే కార్యానికి అసాధారణమైన కారణం, అంటే అన్ని కార్యాలకూ సామాన్యంగా ఉండే కారణాలను మించి ఆ కార్యానికే ప్రత్యేకించిన సాధనం. కర్త మాటకొస్తే దీపిక మూడు లక్షణాలు చెబుతుంది: తాను పనిచేస్తున్న ఉపాదానం, అంటే మూలపదార్థం, గురించిన ప్రత్యక్ష జ్ఞానం, చేయాలన్న కోరిక, ఆ కోరికకు తగిన ప్రయత్నం. మట్టి స్వభావం తెలియనివాడు సారె ఎంత బలంగా తిప్పినా కుమ్మరి కాలేడన్నది దీని సారాంశం. పై వ్యవస్థలను ఈ నిర్వచనంతో కొలిస్తే అవి కరణాలే అవుతాయి తప్ప కర్తలు కావు, ఎందుకంటే వాటికి చికీర్ష, అంటే చేయాలన్న ఇచ్ఛ లేదు. అయితే అదే కొలత డ్రైవరును కూడా ఇరుకున పెడుతుంది: అతనికి ఇచ్ఛ ఉంది, ప్రయత్నం ఉంది, కానీ జ్ఞానం లేకపోతే మూడింట ఒక భాగం కొరవడిన కర్తగానే మిగులుతాడు. కర్తృత్వం పూర్తిగా దక్కాలంటే తన చేతి కింద ఏ సాధనాలు ఉన్నాయో, అవి ఎప్పుడు పనిచేస్తాయో, ఎక్కడ విఫలమవుతాయో అతడు తెలుసుకోవలసిందే. ఆ తెలుసుకోవడాన్ని ఆసక్తి ఉన్నవారి వ్యవహారంగా తేల్చివేయడానికి వీలులేదు, అది ధర్మంలో భాగం.

ఆ జ్ఞానంలో మొదటిది హద్దుల జ్ఞానం. ఏ కంప్యూటరూ టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టును పెంచలేదు; ఉన్న పట్టును వృథా కాకుండా వాడుకోగలదు, అంతే. టైరు అరిగి నున్నబడితే, తొలకరి వానకు రోడ్డు మీద నూనె తేలితే, ఆ ఉన్న పట్టే తక్కువ. వేగం సంగతి ఇంకా కఠినమైనది. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 80 కిలోమీటర్లకు వేగం పెంచినప్పుడు పెరిగింది మూడో వంతే అనిపిస్తుంది, కానీ కారు మోస్తున్న గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది దాదాపు 1.8 రెట్లవుతుంది, పైగా 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది, అపాయాన్ని చూసి కాలు బ్రేకు మీదికి చేరడానికి సెకనున్నర పట్టిందనుకుంటే బ్రేకు పడకముందే 33 మీటర్లు గడిచిపోతాయి. ఏబీఎస్ పని ఆ 33 మీటర్ల తరువాతే మొదలవుతుంది. ముందున్న అడ్డంకిని చూసి తానే బ్రేకు వేసే కొత్త కార్లలో ఈ లెక్క కొంత మారుతుంది గానీ, పొగమంచులో, కుండపోత వానలో, బురద పట్టిన అద్దం వెనుక కెమెరా చూపు తగ్గుతుంది. గీతలు చెరిగిపోయిన రోడ్డు మీద వరుస దాటకుండా చూసే వ్యవస్థకు ఆధారమే ఉండదు.

రెండవది, పరస్పర ఆధారాల జ్ఞానం. ఎయిర్‌బ్యాగ్‌ను సీటు బెల్టుకు అనుబంధంగా రూపొందించారు, దానికి బదులుగా కాదు. గుద్దుకున్న వెంటనే సెకనులో ఇరవయ్యో వంతు లోపే అది విచ్చుకుంటుంది. బెల్టు పెట్టుకోనివారు ఆలోపే ముందుకు విసిరివేయబడి, ఇంకా పేలుడు వేగంతో ఉబ్బుతున్న సంచికే ఎదురు వెళతారు. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటును పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్ ఎదుట ఎన్నడూ పెట్టరాదు. ముందు సీట్లో పిల్లవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకోవడం మన కుటుంబాల్లో ప్రేమగా సాగే పని, కానీ ప్రమాదం జరిగిన క్షణంలో తల్లి చేతులకు ఆ బరువును ఆపే శక్తి ఉండదు, పిల్లవాడి వెనుక తల్లి బరువు, ముందు విచ్చుకునే సంచి ఉంటాయి. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. బండి స్టార్టు చేసినప్పుడు ఏబీఎస్ దీపం, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొద్ది క్షణాల్లో ఆరిపోవడం వాటి ఆత్మపరీక్ష; ఆరకుండా వెలుగుతూ ఉంటే ఆ వ్యవస్థ పనిలో లేదని అర్థం, మామూలు బ్రేకు పనిచేస్తున్నది కదా అని నెలల తరబడి అలాగే తిరగడం తగదు.

జ్ఞానం ఉండి కూడా దానిని తోసిపుచ్చే స్థితి మరొకటి ఉంది, నీతిశాస్త్రం దృష్టిలో అది మరింత తీవ్రమైనది. బెల్టు పెట్టుకోకపోతే కారు హెచ్చరిక చప్పుడు చేయాలన్న నిబంధన మన దేశంలో 2019 జులై నుంచి అమలులోకి వచ్చింది. ఆ చప్పుడును ఆపడానికి బెల్టు కొక్కెం దూరే చోట గుచ్చే ఇనుప బిళ్లలు వెంటనే బజారులోకి వచ్చాయి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ అమ్మక వేదికలను వాటిని తొలగించమని ఆదేశించగా పదమూడు వేలకు పైగా జాబితాలు తొలగాయి. అంతరాత్మ హెచ్చరికను లెక్కచేయకపోవడం మనిషికి కొత్త బలహీనత కాదు. కానీ తన ప్రాణం గురించి తనకు నిజం చెప్పే సాక్షి నోరు నొక్కడానికి డబ్బిచ్చి వస్తువు కొనుక్కోవడంలో బద్ధకాన్ని మించినది ఉంది: అక్కడ మనిషి తనకు తానే అబద్ధం చెప్పుకుంటున్నాడు. అసత్యం ఎదుటివారికి చెప్పినప్పుడే దోషమన్న అభిప్రాయాన్ని ఏ ధర్మశాస్త్రమూ బలపరచదు.

భద్రత పెరిగితే మనిషి ఆ భద్రతను ఏం చేసుకుంటాడన్న ప్రశ్న మీద అర్ధ శతాబ్దంగా వాదం నడుస్తున్నది. అమెరికా ఆర్థికవేత్త శామ్ పెల్ట్‌జ్‌మన్ 1975లో, భద్రతా నిబంధనల వల్ల కలిగే లాభాన్ని డ్రైవర్లు దూకుడుగా నడిపి చాలావరకు తినేస్తారని వాదించాడు. కెనడా మనస్తత్వవేత్త జెరాల్డ్ వైల్డ్, ప్రతి మనిషీ తాను భరించదలచుకున్న అపాయాన్ని ఒక స్థాయిలో నిలుపుకుంటాడని 1982లో సిద్ధాంతీకరించాడు. మ్యూనిక్ నగరంలో ఏబీఎస్ ఉన్న టాక్సీలనూ లేని టాక్సీలనూ పోల్చి చూసినప్పుడు ప్రమాదాల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా రాలేదు, ఏబీఎస్ ఉన్నదని తెలిసినవారు మలుపులను మరింత దూకుడుగా తిప్పడం మాత్రం కనిపించింది. అయినా ఈ సిద్ధాంతాన్ని పూర్తిగా నమ్మడం పొరపాటు. సీటు బెల్టు లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడింది. ఈఎస్‌సీ వల్ల, ఒకే వాహనం అదుపు తప్పి జరిగే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు సుమారు సగానికి తగ్గిందని అమెరికా అధ్యయనాలు తేల్చాయి. గమనిస్తే ఇక్కడ ఒక భేదం ఉంది: ఏబీఎస్ ఉన్నట్టు డ్రైవరుకు పాదంలో తెలుస్తుంది కనుక దాని మీద పందెం కాయగలడు, ఈఎస్‌సీ చాలాసార్లు అతనికి తెలియకుండానే పని ముగిస్తుంది. ఉపకారం తెలిసినచోట దానిని దుర్వినియోగం చేసే బుద్ధి పుట్టడం యంత్రాల లోపం కాదు, తృష్ణ లక్షణం. భద్రతను వేగంగా మార్చుకునే ఆ మారకాన్ని నిరాకరించడమే ఈ కాలపు డ్రైవరు పాటించవలసిన సంయమం.

కర్తృత్వం ఎంతగా చీలిపోగలదో 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టెంపే పట్టణంలో జరిగిన సంఘటన చూపింది. ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న స్వయంచాలక కారు, సైకిలును నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను గుద్దగా ఆమె మరణించింది. డ్రైవింగు సీట్లో పర్యవేక్షణకు ఒక ఉద్యోగి ఉంది, కానీ ఆమె చూపు ఫోనులో నడుస్తున్న కార్యక్రమం మీద ఉంది. ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా మండలి 2019 నవంబరులో వెలువరించిన నిర్ణయం ప్రకారం, యంత్రం ఆ పాదచారిని ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే గుర్తించినా, ఆమెను ఒకసారి వాహనంగా, ఒకసారి మరేదో వస్తువుగా, ఒకసారి సైకిలుగా మార్చి మార్చి ఎంచుకుంది. జీబ్రా గీతలు లేనిచోట మనుషులు రోడ్డు దాటగలరన్న ఆలోచన ఆ ప్రోగ్రాములోనే లేదు. అది వోల్వో కారు. దానికి సహజంగా ఉన్న అత్యవసర బ్రేకు వ్యవస్థను, తమ ప్రోగ్రాముతో విభేదించకుండా ఉండడానికి, పరీక్ష సమయంలో పనిచేయకుండా ఆపి ఉంచారు. మండలి పర్యవేక్షకురాలి పరధ్యానాన్ని ముఖ్య కారణంగా చెబుతూనే సంస్థ భద్రతా లోపాలను, పాదచారి అక్కడ దాటడాన్ని, రాష్ట్ర ప్రభుత్వ పర్యవేక్షణ చాలకపోవడాన్ని తోడు కారణాలుగా లెక్కించింది. శిక్షాస్మృతి కిందికి మాత్రం పర్యవేక్షకురాలు ఒక్కతే వచ్చింది. 2023లో ఆమె నేరం ఒప్పుకోగా మూడేళ్ల పర్యవేక్షణతో వదిలారు.

విచారణ మండలి అనేక కారణాలను చూసింది, న్యాయస్థానం ఎదుట ఒకే కర్త నిలిచింది. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ప్రతి కర్మకూ అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం అని అయిదు కారణాలు చెప్పి, తానొక్కడే కర్తననుకునేవాడు సరిగ్గా చూడనివాడంటుంది. అహంకార నిర్మూలన కోసం చేసిన ఆ ఉపదేశాన్ని ప్రమాద విచారణకు యథాతథంగా అంటగట్టడం సరికాదు. అయినా ఒక సంగతి దానినుంచి గ్రహించవచ్చు. అయిదు కారణాలున్నాయని చెప్పిన గ్రంథం అర్జునుణ్ణి బాధ్యత నుంచి తప్పించలేదు, అతని బాధ్యత ఎక్కడ ఉందో స్పష్టం చేసింది. కారణాలు అనేకమైనంత మాత్రాన ఏ ఒక్కరి భాగమూ తగ్గదు. బ్రిటిష్ పరిశోధకురాలు లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే హెచ్చరించినట్టు, యంత్రానికి ఎంత ఎక్కువ పని అప్పగిస్తే మనిషికి మిగిలే పని అంత కష్టమవుతుంది, ఎందుకంటే ఏమీ చేయకుండా మెలకువగా ఉండడం మనసుకు అన్నిటికన్నా దుష్కరం. బౌద్ధులు అప్రమాదం పేరుతో, అంటే ఏమరుపాటు లేని స్థితి పేరుతో, ధమ్మపదంలో ఒక పూర్తి వర్గాన్ని కేటాయించింది ఈ కష్టాన్ని ఎరిగే.

గీత చెప్పిన అయిదో కారణాన్ని మన వాడుక విధిరాతగా మార్చేసింది. శంకర భాష్యంలో దైవమంటే కన్ను మొదలైన ఇంద్రియాలకు అనుగ్రహమిచ్చే సూర్యాది దేవతలు. రామానుజులకు అది అంతర్యామి అయిన పరమాత్మ. ఈ రెండు వ్యాఖ్యానాల్లో దేనికీ, జరగవలసినది జరుగుతుందన్న నిర్లక్ష్యంతో సంబంధం లేదు. కొత్త కారును కొండగట్టుకో బెజవాడ దుర్గమ్మ సన్నిధికో తీసుకుపోయి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే ఆచారం గౌరవించదగినదే, ఎందుకంటే ఒక ప్రాణాంతక శక్తి తన చేతికి వచ్చిందన్న భయభక్తులు అందులో ఉన్నాయి. ఆ పూజ అయిన వెంటనే, బెల్టు పెట్టుకోకుండా, పిల్లవాణ్ణి ముందు సీట్లో ఒడిలో పెట్టుకుని ఘాట్ రోడ్డు దిగడం ఆ పూజనే తిరస్కరించడం. దైవాన్ని అయిదోదిగా చెప్పిన గీత, మిగిలిన నాలుగింటిలో దేనినీ వదిలేయమని చెప్పలేదు.

మంచి చెడుల ఫలాన్ని చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు సమంగా పంచుకుంటారన్న సంప్రదాయ సూత్రం తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసినదే. జీతానికి నడిపే డ్రైవరును, పెళ్లి ముహూర్తం దాటిపోతుందనో విమానం తప్పిపోతుందనో వెనుక సీటు నుంచి తొందరపెట్టే యజమాని, రాత్రంతా నిద్రలేకుండా హైదరాబాదు నుంచి తిరుపతికి నడిపించి తెల్లవారగానే తిరుగు ప్రయాణం కట్టించే కుటుంబం, ఆ సూత్రం ప్రకారం చేయించినవారూ ప్రేరేపించినవారూ అవుతారు. బ్రేకులు విఫలమైన బండి అయిదుగురిని గుద్దబోయే వేళ వారిని కాపాడడానికి మరొకరిని బలిపెట్టవచ్చునా అన్న తరహా ఊహాప్రశ్నల మీద పాశ్చాత్య తత్త్వవేత్తలు ఫిలిప్పా ఫుట్ 1967లో రాసిన వ్యాసం నుంచి ఎంతో శ్రమ చేశారు. నిద్ర చాలని డ్రైవరును మరొక రెండు వందల కిలోమీటర్లు నడపమనడం సరైనదా అన్నది అంతకన్నా తరచుగా, అంతకన్నా నిజంగా ఎదురయ్యే నైతిక ప్రశ్న.

ఈ వ్యవస్థల్లో అధికభాగం కారు లోపలివారిని కాపాడడానికి పుట్టినవన్న సంగతిని కూడా దాచరాదు. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు, వారిలో నలభై శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయేవారు, దాదాపు అయిదో వంతు నడిచి పోయేవారు. వారికి ఎయిర్‌బ్యాగ్ లేదు, బెల్టు లేదు. కారులో ఉన్నవాడు యంత్రం ఇచ్చిన ధైర్యంతో పెంచే ప్రతి కిలోమీటరు వేగానికీ మూల్యం చెల్లించే అవకాశం బయట ఉన్నవారికే ఎక్కువ. అందువల్ల భద్రతా వ్యవస్థలు ఎక్కువున్న కారు నడిపేవారి బాధ్యత తక్కువ కావడానికి బదులు ఎక్కువవుతుంది. ఆఖరి క్షణం యంత్రానిదైనప్పుడు, ఆ క్షణానికి ముందున్న నిమిషాలన్నీ, అంటే ఎంత వేగంలో పోవాలి, ముందు బండికి ఎంత దూరం విడవాలి, అరిగిన టైరు మార్చాలా, నిద్ర వస్తుంటే ఆపాలా అన్న నిర్ణయాలన్నీ, మనిషివే.

2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన దేశంలోనే కార్లను గుద్దించి పరీక్షించి నక్షత్రాలు ఇస్తున్నారు. కొనేముందు ధరతో పాటు ఆ ఫలితాన్నీ చూడాలి. కొన్న తరువాత కారుతో వచ్చే పుస్తకంలోని భద్రతా అధ్యాయాన్ని ఆ కారు నడిపే ప్రతి ఒక్కరూ, జీతానికి నడిపేవారితో సహా, చదవాలి, చదవలేనివారికి ఇంట్లోని వారు చదివి వినిపించాలి. ఆ పుస్తకం ఇంగ్లీషులోనో హిందీలోనో మాత్రమే చేతికి వస్తే, తెలుగు ప్రతి ఇవ్వమని అమ్మినవారిని గట్టిగా అడగాలి.